ప్రజ్ఞాలబ్ధి

కరీంనగర్, ఆదిలాబాద్‌లలో టెట్, డీఎస్సీకి చదివేవాళ్లకు ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) సూత్రం కంఠతా వచ్చు: మానసిక వయసును అసలు వయసుతో భాగించి 100తో హెచ్చించాలి. పదేళ్ల పాప పన్నెండేళ్లవారి స్థాయిలో జవాబులిస్తే ఐక్యూ 120. ఈ భాగహారాన్ని 1912లో జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త విలియం స్టెర్న్ సూచించాడు. ఇప్పటి పరీక్షలు ఇలా లెక్కించవు. అదే వయసువారి సగటును 100గా తీసుకుని పోలుస్తాయి.

బడి మార్కులతో ఐక్యూ సహసంబంధం సుమారు 0.5. అంటే పిల్లల మార్కుల మధ్య తేడాల్లో దాదాపు పావు వంతే దీనితో ముడిపడి ఉంది. పట్టుదల, పోషణ, బోధన, ఇంటి పరిస్థితి లెక్కలోకి రావాల్సిందే. పైగా చదువే ప్రజ్ఞను పెంచుతుంది. 6 లక్షల మందికి పైగా ఫలితాలను క్రోడీకరించిన 2018 నాటి సమీక్షలో, ఒక్కో అదనపు ఏడాది చదువుకు 1 నుంచి 5 ఐక్యూ పాయింట్లు పెరిగినట్టు తేలింది.

ఇంట్లో గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు తెలుగులో ప్రజ్ఞా పరీక్ష పెట్టడం అన్యాయం. అక్కడ బయటపడేది చాలావరకు తెలుగుతో వాళ్లకున్న పరిచయమే. బడి చదువులో ఈ భాషా సమస్యను మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ముందే గుర్తించారు. నిజాం ప్రభుత్వ మద్దతుతో 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించి, గోండిలో వాచకాలు తయారుచేయించారు. ప్రజ్ఞా పరీక్షల్లోనైతే, మాటలతో పనిలేని, బొమ్మల నమూనాలతో సాగే రావెన్ పరీక్ష 1938 నుంచీ ఉంది. దాని ఫలితాల మీదా బడి చదువు ప్రభావం ఉంటుంది.