గ్రంథాలయమున చిత్రకథల తిరునాళ్ళు

కెనడా దేశమందలి టొరంటో నగరమున 2003లో ఆరంభమైన చిత్రకథల ఉత్సవము, 2009 నుండి అనేక సంవత్సరములు, ఏ వాణిజ్య ప్రదర్శనశాలలోనో గాక, ప్రజల సొత్తైన గ్రంథాలయమందే, ప్రవేశ రుసుము లేకుండ జరుగుచు వచ్చుట గ్రంథాలయోద్యమము నెరిగిన మనకు మిక్కిలి ఆనందదాయకము. వాస్తుశిల్పి రేమండ్ మొరియామా రూపకల్పనలో 1977లో వెలసిన ఆ రెఫరెన్స్ లైబ్రరీలో, విశాలమైన నడిమి ఆవరణము చుట్టును అంతస్తులంతస్తులుగా గ్రంథములు కొలువుదీరి యుండగా, చిత్రకారులు బల్లలు వరుసగా వేసికొని తమ పుస్తకములను తామే విక్రయించెడివారు. కొన్నవారికి లోపలి పుటపై సంతకముతోబాటు చిన్న బొమ్మను గీసి యిచ్చుట ఇట్టి ఉత్సవములందు వాడుక. ఒక వంకర గీత ముక్కుగను, రెండు చుక్కలు కన్నులుగను మారుటను బల్ల యంచున గడ్డమానించి తిలకించు పసివాడు, తన కిష్టమైన కథ ఒక మనిషి చేతినుండి పుట్టినదని ప్రత్యక్షముగా గ్రహించును.

బొమ్మల పుస్తకము చదువు క్రిందికి రాదని పిల్లల చేతినుండి లాగివేయు పెద్దలు గమనింపవలసిన విషయ మొకటి కలదు: బొమ్మ వెంట అక్షరమును ప్రేమించిన బిడ్డకు గ్రంథాలయము పరాయి చోటు కాదు. కావున ఏటేట నవంబరు 14 నుండి మనము జరుపుకొను గ్రంథాలయ వారోత్సవములందు చిత్రకథలకును, వానిని గీయువారికిని ఒక దినమైనను కేటాయించుట మిక్కిలి యుచితము.