‘గివ్ అప్’ అంటే ఇచ్చుట కాదు

‘గివ్’ అనగా ఇచ్చుట, ‘అప్’ అనగా పైకి అని చామోర్షి, సిరొంచ ప్రాంతాల పిల్లలు చిన్న తరగతులలోనే నేర్చుకొంటారు. రెండూ కలిసి ‘గివ్ అప్’ అయినప్పుడు మాత్రం అందులో ఇచ్చుటా ఉండదు, పైకీ ఉండదు. మానివేయుట, విడిచిపెట్టుట, ఇక తన వల్ల కాదని చేతులెత్తివేయుట అని అర్థం. ఇందులో వింత ఏమీ లేదు. తెలుగులో ‘మానివేసెను’ అన్నప్పుడు ఎవరూ దేనినీ ఎక్కడా వేయరు. మరాఠీలో ‘సోడూన్ దేణే’ అన్నప్పుడు ఆ ‘దేణే’ ఇచ్చుట కాదు. రెండు భాషల నడుమ పెరిగే సరిహద్దు పిల్లలకు ఈ పోలిక ఒక్కటి చూపితే చాలు, నిఘంటువుతో అంతగా పని పడదు.

2015 మార్చిలో కేంద్ర ప్రభుత్వం వంటగ్యాస్ రాయితీపై ‘గివ్ ఇట్ అప్’ అనే ప్రచారం ప్రారంభించింది. స్తోమత గలవారు రాయితీని స్వచ్ఛందంగా వదులుకోవాలని దాని భావం. తరువాతి ఏడాదికి కోటికి పైగా వినియోగదారులు వదులుకొన్నారు. ఆ మాటను విడివిడిగా చదివి, ప్రభుత్వం ఇంకా పైకి ఇస్తుందని భ్రమపడి ఒప్పుకొన్నవాడు తనకు రావలసిన సొమ్మును తానే పోగొట్టుకొన్నట్లు.

ఆ పేరులో ‘ఇట్’ నడుమ ఉండుట గమనించదగినది. సర్వనామం తప్పక నడుమనే రావాలి. ‘గివ్ అప్ ఇట్’ తప్పు. నామవాచకమైతే నడుమ గాని, చివర గాని ఉండవచ్చు. క్రియ వస్తే ‘ఇంగ్’ చేరుతుంది: ‘హి గేవ్ అప్ ఈటింగ్ ఖర్రా’. ‘టు ఈట్’ అనరాదు. (ఖర్రా మానుట వ్యాకరణమంత సులభం కాదన్నది వేరే సంగతి.)

ఈ జిల్లాలో ఈ మాటకు మరింత బరువైన ప్రయోగం ఉంది. పెద్దపల్లికి చెందిన మావోయిస్టు నేత మల్లోజుల వేణుగోపాలరావు 2025 అక్టోబరులో 60 మంది సహచరులతో గడ్చిరోలిలో లొంగిపోయారు. ‘గేవ్ హిమ్‌సెల్ఫ్ అప్’ అంటే తనను తాను అప్పగించుకొనుట; మరాఠీలో ఆత్మసమర్పణ్. ‘గేవ్ అప్ ఆర్మ్స్’ అంటే ఆయుధాలు విడుచుట. కర్మ లేకుండా ‘హి గేవ్ అప్’ అని ఊరకుంటే, ఇక సాధ్యం కాదని ప్రయత్నం విరమించుట. ఆంగ్ల వార్తను అనువదించేవారు ఈ మూడింటినీ కలగాపులగం చేస్తే వ్యాకరణం ఒక్కటే కాదు, వార్త కూడా మారిపోతుంది. మనిషి అప్పగించుకొన్నాడా, ఆయుధం విడిచాడా, ఆశయమే వదిలాడా అన్నవి వేర్వేరు ప్రశ్నలు.

చివర ‘ఆన్’ చేరితే భావం ఇంకొక వైపు తిరుగుతుంది. ‘ది టీచర్ గేవ్ అప్ ఆన్ ది బాయ్’ అంటే ఉపాధ్యాయుడు పిల్లవాణ్ణి ఎక్కడో విడిచి వచ్చాడని కాదు. పిల్లవాడు తరగతిలోనే ఉన్నాడు, వాడికి చదువు వస్తుందన్న ఆశ మాత్రం ఉపాధ్యాయునికి పోయింది.