ఫొటో పక్కన నాలుగు మాటలు

హాస్టల్ ఆఫీసు గదుల్లో గోడ మీద గ్రూప్ ఫొటోలు వేలాడుతుంటాయి. ముందు కుర్చీల్లో వార్డెన్ సార్, ట్యూటర్లు, వెనుక బెంచీల మీద మూడు వరుసల్లో విద్యార్థులు. కింద సంవత్సరం రాసి ఉంటుంది, పేర్లు చాలాసార్లు ఉండవు. పదేళ్ల తర్వాత వచ్చిన పూర్వ విద్యార్థి ముందుగా తనను తాను వెతుక్కుంటాడు. పక్కనున్న నలుగురైదుగురిని గుర్తుపడతాడు. మిగతావాళ్ల దగ్గర వేలు ఆగిపోతుంది. ముఖం తెలుసు, పేరు రాదు.

ఇప్పుడు ఫొటోలకు కొదవ లేదు. హాస్టల్ డే అయిపోయిందంటే సాయంత్రానికి ప్రతి ఫోనులో రెండు మూడు వందలు చేరుతున్నాయి. కాని వాటి పక్కన ఒక్క మాట కూడా రాసిపెట్టుకోవడం లేదు. అందుకే ఈ వ్యాసంలో డిజిటల్ స్క్రాప్‌బుక్ గురించి, ముఖ్యంగా అందులో మన కథ ఎలా రాసుకోవాలన్న దాని గురించి వివరిస్తున్నాను.

స్క్రాప్‌బుక్ మనకు కొత్తదేమీ కాదు. పదో తరగతి అయిపోయేటప్పుడు తిప్పుకునే ఆటోగ్రాఫ్ పుస్తకం, స్లామ్ బుక్కు దానికి చుట్టాలే. నోటు పుస్తకంలో బస్ టికెట్టో, ఎండిన పువ్వో, చిన్న ఫొటోనో అంటించి పక్కన రెండు ముక్కలు రాసుకునేవాళ్లు మన హాస్టళ్లలో ఎప్పుడూ ఉన్నారు. అదే పని కంప్యూటర్‌లో గాని ఫోనులో గాని చేస్తే డిజిటల్ స్క్రాప్‌బుక్. ఆ పేజీ మీద ఫొటో పక్కన రాసే సొంత మాటలను ఇంగ్లీషువాళ్లు జర్నలింగ్ అంటారు. పేరు పెద్దగా ఉన్నా పని చిన్నది. ఫొటోలో కనబడనిది చెప్పడమే ఆ పని.

ఈ కనబడనిది అంటే ఏమిటో తెలియాలంటే డాక్టర్ అంబేద్కర్ రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చూడాలి. 1935-36 ప్రాంతంలో తన చేతితో రాసుకున్న కొద్ది పేజీలు అవి. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ చిన్న పుస్తకంగా అచ్చువేసింది. అందులో మొదటి సంఘటన 1901 నాటిది. తొమ్మిది పదేళ్ల పిల్లవాడు తన అన్నతోను, అక్క పిల్లలతోను కలిసి గోరేగావ్‌లో ఉద్యోగం చేసే తండ్రి దగ్గరికి రైలులో బయలుదేరాడు. మసూర్ స్టేషన్‌లో దిగారు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. వాళ్లు రాసిన ఉత్తరం తండ్రికి అందనే లేదు. పిల్లలు మహర్లని తెలియగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. బండ్లవాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలాలి, తాను పక్కన నడుస్తానన్న షరతు మీద. వెంట అన్నం ఉంది, తాగడానికి నీళ్లు దొరకలేదు. నీళ్లు లేక అన్నం ముట్టకుండానే ఆ రాత్రి పడుకున్నారు.

ఇందులో నేను మీకు చూపించదలచింది ఒక చిన్న సంగతి. ప్రయాణం కోసం పిల్లలు వేసుకున్న బట్టలను అంబేద్కర్ వరసపెట్టి చెబుతారు. కొత్త చొక్కాలు, తళుకుల టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు ధోవతులు. ఆ స్టేషన్‌లో ఎవరైనా ఆ రోజు ఫొటో తీసి ఉంటే అందులో పడేది ఈ బట్టలే. చూసినవాళ్లు కలిగినవాళ్ల పిల్లలు షికారుకు పోతున్నారనుకునేవాళ్లు. దాహం ఆ ఫొటోలో పడదు. స్టేషన్ మాస్టర్ తన గదిలోకి వెళ్లిపోయిన సంగతి పడదు. అందని ఉత్తరం అసలే పడదు. ముప్పై నాలుగేళ్ల తర్వాత కూర్చుని రాశారు గనుక మనకు తెలిసింది. 'ఎంతో బాధ అనిపించింది' అని ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, ఏ సంవత్సరం, ఏ స్టేషన్, ఎంత కిరాయి, ఎవరు ఏమన్నారు అని చెప్పుకుపోయారు. మన పేజీ మీద రాయాల్సిన పద్ధతి కూడా ఇదే.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. బోధన్ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు చాలామంది ఇళ్లలో షక్కర్‌నగర్ ఫొటో ఒకటైనా ఉంటుంది. ఫ్యాక్టరీ గేటు ముందు తాతో, మేనమామో నిలబడి ఉంటాడు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లతో చెరుకు వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి మూసేశారు. ఇవన్నీ పుస్తకాల్లో, పేపర్లలో దొరుకుతాయి. మీ తాత అందులో ఏ పని చేశాడో, అది పర్మినెంటో సీజన్ పనో, చివరి జీతం వచ్చిన రోజు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో మాత్రం మీరు రాయకపోతే ఎక్కడా దొరకదు. చెరుకు కొట్టిన చేతులు, బండి తోలిన చేతులు ఫ్యాక్టరీ రికార్డుల్లో పేర్లతో ఉండవు.

ఆ ఫొటో కింద సాధారణంగా మనవాళ్లు ఏం రాస్తారంటే, 'మా తాతయ్య, షక్కర్‌నగర్, మధుర జ్ఞాపకం.' ఈ మధుర జ్ఞాపకం అన్న మాట మీద నాకు కొంచెం కోపం ఉంది. అది ఏ ఫొటో కింద పెట్టినా సరిపోతుంది, అందుకే ఏ ఫొటోకూ సరిపోదు. దాని బదులు ఇలా ఉండొచ్చు (ఇది నమూనా కోసం కల్పించి రాసింది): 'మా తాత సీజన్‌లో నాలుగు నెలలు ఫ్యాక్టరీ యార్డులో చెరుకు దించేవాడు. ఈ ఫొటోలోని అంగీ ఆయనది కాదు, పక్కింటి మామది. ఫొటో కోసం అడిగి తొడుక్కున్నాడు. ఆయన బండి పక్కకు పోతే తీపి పులిసిన వాసన వచ్చేదని అమ్మ చెప్తది. ఫ్యాక్టరీ బందయిన ఏడు మా పొలంల చెరుకు తీసి వరి పెట్టినం.' నాలుగైదు వాక్యాలే. అంగీ సంగతి తెలిశాక మళ్లీ ఫొటో వంక చూడకుండా ఉండలేము.

ఇలాంటి సంగతులు మనకు మనం కూర్చుంటే రావు, పెద్దవాళ్లను అడగాలి. 'నీ జీవితం గురించి చెప్పు' అంటే ఎవరూ చెప్పరు, 'ఏముంది బిడ్డా చెప్పడానికి' అంటారు. ఫొటో చేతికిచ్చి చిన్న ప్రశ్న వేయాలి. ఈ ఫొటో ఎవరు తీశారు? ఆ రోజు ఇంట్లో ఎవరు లేరు? ఈ చీర ఎప్పటిది? పొద్దున సైరన్ ఎన్నింటికి మోగేది? ఫొటోలో లేనివాళ్ల గురించి అడిగే ప్రశ్నకు మంచి జవాబులు వస్తాయి. మన జిల్లాలో చాలా ఇళ్ల ఫొటోల్లో నాన్న ఉండడు, గల్ఫ్‌లో ఉంటాడు. కాబట్టి పెళ్లిళ్లు, పుట్టుపంచెలు అన్నీ ఆయన లేకుండానే అయిపోతాయి. ఆ లేకపోవడాన్ని ఫొటో చూపించదు, రాత ఒక్కటే చూపిస్తుంది.

వాళ్లు మాట్లాడుతుంటే ఫోనులో రికార్డు చేసుకోండి, అయితే చెప్పి చేయండి. తర్వాత విని రాసుకోండి. ఫోను కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైపు చేస్తుంది, తప్పులు మాత్రం మనం దిద్దుకోవాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. టైపు తప్పులు దిద్దండి, అమ్మ భాషను దిద్దకండి. బీడీలు చుట్టే అమ్మ 'పొద్దుగాల ఆకు కత్తిరిచ్చి కూసుంటే వెయ్యి బీడీలు అయ్యేవరకు దీపాలు పెట్టే యాళ్ల అయ్యేది' అన్నదనుకోండి. దాన్ని 'ఉదయం నుండి సాయంత్రం వరకు కష్టపడేవారు' అని మారిస్తే ఆకు పోయింది, వెయ్యి పోయింది, దీపం పోయింది. మిగిలేది పరీక్ష జవాబు.

హాస్టల్ జీవితం గురించి రాసేటప్పుడు కూడా ఇంతే. అన్నం పళ్లెం ఫొటో పెట్టారనుకోండి. తెలంగాణ హాస్టళ్లలో 2015 జనవరి నుంచి సన్నబియ్యం అన్నం పెడుతున్నారు. అంతకు ముందు బ్యాచ్‌లవాళ్లు తిన్నది దొడ్డుబియ్యం. ఈ రెండు పళ్లేలు ఫొటోలో దాదాపు ఒకేలా కనబడతాయి. తిన్నవాళ్లకే తేడా తెలుసు, కనుక తిన్నవాళ్లే రాయాలి. ఊరి పేరు రాసేటప్పుడు అప్పటి జిల్లా పేరు కూడా రాయండి. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా వేరుపడింది. 2009 ఫొటోలో బాన్సువాడ మిత్రుడు నిజామాబాద్ జిల్లావాడు, ఇప్పుడు చూసేవాడికి అది తప్పుగా తోస్తుంది.

పేజీ తయారీ కష్టమేమీ కాదు. గూగుల్ స్లైడ్స్‌లో గాని, కాన్వాలో గాని ఏ-4 సైజు పేజీ తీసుకోండి. ఒక పేజీకి ఒక పెద్ద ఫొటో, మహా అయితే ఇంకో రెండు చిన్నవి చాలు. పూలు, రిబ్బన్లు, మెరుపులు ఎన్నయినా దొరుకుతాయి గాని అవి నిండితే రాతకు చోటుండదు. ముందు రాత రాసుకుని, దానికి చోటు వదిలి, తర్వాత ఫొటో పెట్టడం మేలు. అక్షరాలకు నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఉచిత ఫాంట్లు బాగుంటాయి. రామభద్ర లావుగా ఉంటుంది, అది శీర్షికకే వాడండి. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకన్నా ఎక్కువ కావాలి, ఒకటిన్నర పెట్టండి. అచ్చు వేయించే పేజీ అయితే అక్షరం సైజు 12కు తగ్గొద్దు. ఫొటో మీదనే అక్షరాలు వేస్తే చదవడం కష్టం, పక్కన తెల్లని చోట వేయండి.

ఫొటో నాణ్యత గురించి ఒక లెక్క గుర్తుంచుకోవాలి. బాగా అచ్చు కావాలంటే అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే నాలుగు అంగుళాల వెడల్పు ఫొటోకు 1200 పిక్సెళ్లు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరం కూడా పోతుంది. అందుకని డాక్యుమెంట్‌గా పంపించమని మిత్రులను అడగండి. పాత కాగితం ఫొటోను ఫోనుతో తీస్తే ఫోను ఇవాళ్టి తేదీ వేస్తుంది, అసలు తేదీ మీరు చేత్తో రాయాలి. ఫొటో వెనుక వైపు కూడా ఒకటి తీసుకోండి, చాలాసార్లు పెన్నుతో రాసిన తేదీ, స్టూడియో ముద్ర అక్కడే ఉంటాయి.

ఇక చెప్పడానికి ఇబ్బందిగా ఉండే సంగతులు. మనలో చాలామంది కథల్లో అప్పు ఉంటుంది, అవమానం ఉంటుంది, కులం పేరుతో విన్న మాట ఉంటుంది. రాయాలా వద్దా అని అడుగుతారు. నా అభిప్రాయం, మీకు జరిగింది మీరు రాయొచ్చు, అది మీ సొత్తు. మిత్రుడికి జరిగింది అతన్ని అడగకుండా రాయొద్దు. ఇంట్లో జబ్బు, ఆడపిల్లల విషయాలు, ఇతరుల అప్పులు అందరూ చూసే పేజీలో పెట్టొద్దు. ఒకే కథకు రెండు పేజీలు చేసుకోవచ్చు. ఒకటి అందరికీ పంచేది, ఇంకొకటి పెట్టెలో దాచుకునేది. రెండోది రాయకుండా మానేయడం మాత్రం నాకు నచ్చదు. అంబేద్కర్ పేజీలు కూడా ఆయన బతికినన్నాళ్లు పుస్తకం కాలేదు.

చివరి సంగతి, దాచుకోవడం. 1947-48లో దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ ఖిల్లా జైల్లో ఉన్నప్పుడు పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అదే జైల్లో ఉన్నారు, తర్వాత 'జైలు లోపల' కథలు రాశారు. గోడ మీది బొగ్గు మనదాకా రాలేదు, పుస్తకాల్లోకి ఎక్కిన పద్యాలు వచ్చాయి. కంప్యూటర్ కూడా గోడ లాంటిదే. ఒక కాలంలో కుర్రవాళ్లంతా ఆర్కుట్‌లో ఒకరి స్క్రాప్‌బుక్‌లో ఒకరు రాసుకున్నారు, 2014 సెప్టెంబరు 30తో ఆర్కుట్ మూతపడింది. 2000 తర్వాత వచ్చిన మన సంచికల్లాంటివి ఎన్నో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి. అందుకే రాసేది యూనికోడ్‌లో రాయండి. పూర్తయిన పేజీని పీడీఎఫ్ చేయండి, రాతను విడిగా మామూలు టెక్స్ట్ ఫైలుగా కూడా ఉంచండి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు సంవత్సరం, ఊరు, విషయం వచ్చేలా పెట్టండి, 'కొత్త ఫైలు 3' అంటే రేపు మీకే దొరకదు. ఒక కాపీ ఫోనులో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, ఇంకొకటి నమ్మకమైన మిత్రుని పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.

ఒక్క ప్రింటు మాత్రం కాగితం మీద తీయించి హాస్టల్ లైబ్రరీ బీరువాలో ఇవ్వండి. ఆఫీసు గోడ మీది గ్రూప్ ఫొటోలకు కూడా వరుసల ప్రకారం, ఎడమ నుంచి కుడికి, పేర్లు రాసే పని ఈ వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులతోనే మొదలుపెట్టవచ్చు. ఒక తెల్లకాగితం మీద తలల ఆకారాలు గీసి అంకెలు వేసి బల్ల మీద పెడితే చాలు, ఎవరికి తెలిసిన పేరు వాళ్లు రాస్తారు.