విమానం కిటికీలోంచి పల్నాడు

పిల్లలూ! హైదరాబాదు నుంచి గన్నవరానికి విమానంలో వెళ్ళే అవకాశం వస్తే మీరు ఏ వైపు కిటికీ అడుగుతారు? మీది నరసరావుపేటో, గురజాలో, మాచర్లో అయితే కుడివైపే అడగండి. ఆ దారికి దక్షిణాన, అంటే మీ కుడిచేతివైపు, కృష్ణానది ఉంటుంది. ఆకాశం తేటగా ఉంటే దూరాన నాగార్జునసాగర్ నీరు వెండి పళ్ళెంలా మెరుస్తుంది.

ఆ నీటి అడుగున ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ ఉంది. 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖవారు అక్కడ తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను నాగార్జునకొండ మీదికీ, కొన్నిటిని అనుపు గట్టుకూ తరలించి మళ్ళీ నిలబెట్టారు. మిగిలిన లోయ మునిగిపోయింది. అది ఎలా ఉండేదో ఈనాడు మనకు చూపేవి ఆనాడు తీసిన ఫొటోలు, గీసిన పటాలే. కనుక ఫొటో అంటే సరదా మాత్రమే కాదు, సాక్ష్యం కూడా. మరి విమానంలోంచి మంచి సాక్ష్యం సంపాదించడం ఎలాగో చూద్దామా?

ఎంత దూరం కనబడుతుంది?

భూమి గుండ్రంగా ఉంది కనుక ఎంత ఎత్తుకు పోతే అంత దూరం కనబడుతుంది. దీనికి ఒక తేలిక లెక్క ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో హెచ్చవేయండి. దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. విమానం 6,400 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. వర్గమూలం 80. దిగంతం సుమారు 285 కిలోమీటర్లు! పటం మీద హైదరాబాదు, గన్నవరం విమానాశ్రయాలను కలుపుతూ గీత గీస్తే సాగర్ ఆ గీతకు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే దిగంతానికి చాలా ఇవతలే.

డ్యాం చిన్నదైపోయిందేం?

తీరా ఫొటో తీసి చూస్తే డ్యాం అగ్గిపుల్లంత కూడా ఉండదు. తప్పు కెమెరాదా? లెక్క వేద్దాం. డ్యాంలో రాతికట్టడం భాగం పొడవు సుమారు 1,450 మీటర్లు. అది పూర్తిగా మనవైపే తిరిగి ఉందనుకున్నా, 40 కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే 2 డిగ్రీల కోణమే చేస్తుంది. నిండు చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. అంటే నాలుగు చందమామలను పక్కపక్కన పేర్చినంత! మామూలు సెల్‌ఫోన్ కెమెరా 65 డిగ్రీల వెడల్పును ఒకేసారి పడుతుంది. ఫొటో అడ్డంగా 4,000 పిక్సెళ్ళు ఉంటే డ్యాం వాటాకు వచ్చేవి 120 మాత్రమే. తరువాత తెర మీద ఎంత పెద్దది చేసినా కొత్త వివరం పుట్టదు. ఉన్న చుక్కలే లావవుతాయి.

నీలి తెర

ఇంకో చిక్కు ఉంది. దూరపు కొండలు ఫొటోలో నీలంగా, పాలిపోయినట్లు వస్తాయి. మధ్యనున్న గాలి అణువులు ఎరుపు కాంతికన్నా నీలి కాంతిని నాలుగు రెట్లకు పైగా వెదజల్లుతాయి. దీన్నే కాంతి పరిక్షేపణం అంటారు. దీనికి దుమ్ము, తేమ కూడా తోడవుతాయి. అందుకే వాన వెలిసిన మరునాటి ఉదయం ఫొటోలు తేటగా వస్తాయి.

చలికాలంలో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన ఉంటాడు. అప్పుడు కుడి కిటికీలో ఎండ ఎదురుగా పడుతుంది. ఎడమవైపు కూర్చున్నవారు మాత్రం దిగులుపడనక్కరలేదు. కింద మబ్బులుంటే, వాటిపై పడిన విమానం నీడ చుట్టూ రంగుల వలయాలు కనబడవచ్చు!

మూడు పొరల కిటికీ

విమానం కిటికీకి సాధారణంగా మూడు పలకలుంటాయి. అవి గాజు కావు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్. మధ్య పలకకు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి గాలి ఒత్తిడి బయటి పలకమీద పడేలా చేయడం, మంచు పట్టకుండా చూడడం దాని పని. కెమెరాను లోపలి పలకకు దగ్గరగా పట్టుకోండి కాని ఆనించకండి. ఆనిస్తే విమానం అదురు ఫొటోకు అంటుకుంటుంది. నల్లగుడ్డ అడ్డు పెడితే లోపలి దీపాల ప్రతిబింబం పడదు. ఫ్లాష్ వెలిగిస్తే ఆ వెలుగే పలకమీంచి తిరిగివచ్చి ఫొటోను చెడగొడుతుంది.

ఎక్కడ తీయకూడదు?

1937 నాటి విమాన నియమాల్లో 13వది ఫొటోల గురించే. అనుమతి లేకుండా ప్రభుత్వ విమానాశ్రయంలో గాని, ఎగిరే విమానంలోంచి గాని ఫొటో తీయరాదని దాని సారాంశం. 2004లో పౌర విమానయాన డైరెక్టరేట్ ప్రయాణికులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. అయినా భద్రతా తనిఖీ జరిగేచోట తీయకూడదు. సైన్యం వాడే రన్‌వేల దగ్గర అసలే తీయకూడదు. విశాఖపట్నంలో పౌర విమానాలు ఏళ్ళ తరబడి దిగింది నౌకాదళ స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగలోనే! అలాంటి చోట గోడ, గేటు, ఆగివున్న విమానం కూడా శత్రువుకు సమాచారమే. ఫొటో సాక్ష్యమని అనుకున్నాం కదా? సాక్ష్యం ఎవరి చేతిలో పడుతుందో కూడా ఆలోచించాలి. సిబ్బంది వద్దంటే వెంటనే ఆపేయండి. తోటి ప్రయాణికుల ముఖాలు వారిని అడగకుండా తీయకండి. ఫోను విమాన మోడ్‌లో ఉండాలి.

తేదీ రాయడం మరవకండి

సాగర్ పూర్తిమట్టం 590 అడుగులు. నీరు తగ్గినప్పుడు ఒడ్డున పాలిపోయిన అంచు బయటపడుతుంది. కుడి కాలువ కింద పైరు వేసే పల్నాడు రైతుకు ఆ అంచు వెడల్పంటే ఆ ఏటి తిండిగింజలే. తేదీ, సమయం, ఏ వైపు చూస్తూ తీశారో రాసిపెడితే మీ ఫొటో కూడా ఒక కొలతే అవుతుంది. రాయకపోతే అది వట్టి బొమ్మ.

విమానం ఎక్కే వీలు లేదంటారా? ఫరవాలేదు. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ ఎక్కండి. ఒకేచోట నిలబడి, ఒకే దిక్కుకు, వానాకాలంలో ఒకటి, వేసవిలో ఒకటి ఫొటో తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పొలాల రంగులో, చెరువుల్లో, నీలి తెర మందంలో ఎన్ని తేడాలున్నాయో లెక్కపెట్టండి. మొదటి ఆకాశ ఛాయాచిత్రాన్ని 1858లో నాడార్ అనే ఫ్రెంచివాడు బెలూన్ ఎక్కి తీశాడు. మీకు మాత్రం కొండ ఉంది, మెట్లున్నాయి. ఇంకేం, బయలుదేరండి!