వీరన్న, వీరణ్ణ ఒక్కరేనా?

జహీరాబాద్‌లో ఆన్‌లైన్ సెంటర్ నడిపేవాడికి ముందుగా రావలసింది టైపింగ్ కాదు, పేర్లు పట్టుకోవడం. తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసే ఊరు మాది, బీదర్ పక్కనే. ఆధార్‌లో వీరన్న, బీదర్ బడి టీసీలో వీరణ్ణ, పట్టా పాస్‌బుక్‌లో వీరప్ప. ఒక కార్డులో మహమ్మద్, ఇంకో దాంట్లో ఎండీ. ‘‘అన్నా, అన్నిట్ల నేనే కదా!’’ అంటాడు ఎదురుగా కూర్చున్న మనిషి. నాకు తెలుసు. కంప్యూటర్‌కు తెలియాలి కదా.

ఈ చిక్కు విప్పడానికి పనికొచ్చే పరిజ్ఞానమే సెమాంటిక్ వెబ్. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ మరో ఇద్దరితో కలిసి 2001లో దీని గురించి వివరంగా రాశాడు. ఇందులో సమాచారాన్ని యంత్రానికీ బోధపడేలా మూడు ముక్కల వాక్యాలుగా రాస్తారు: ‘ఫలానా మనిషి - ఊరు - జహీరాబాద్’. ఆ ఫలానా మనిషిని పేరుతో కాక, వెబ్‌లో ఇచ్చిన ఒక చిరునామాతో గుర్తిస్తారు. పేరు నాలుగు తీర్ల రాసినా చిరునామా మారదు. ఈ పద్ధతి పేరు ఆర్‌డీఎఫ్; 1999లో ప్రమాణమైంది. 2000లో డాన్ బ్రిక్లీ, లిబ్బీ మిల్లర్ ఈ పద్ధతిలోనే ‘ఫ్రెండ్ ఆఫ్ ఎ ఫ్రెండ్’ మొదలుపెట్టారు. మన పేరు, పని, పరిచయస్తుల వివరాలు ఒక్కసారి రాసి పెట్టుకుంటే ఏ సైటైనా చదువుకోవచ్చు.

ఈ ‘ఫ్రెండ్’ పద్ధతిలో ఒక తెలివైన నియమం ఉంది: ఈమెయిల్ ఒకటైతే మనిషీ ఒకరే. ఎవరి మెయిల్ వాళ్లకున్న చోట సరే. ఇక్కడ ఇంటికంతా ఒకటే ఫోను. అత్త పింఛను, కోడలి గ్యాసు, మనవడి స్కాలర్‌షిప్పు, అన్నిటి ఓటీపీలూ దానికే. మెయిల్ అంటారా, చాలామంది ఫారాల్లో ఉన్నది నాదే! ఆ నియమం పెడితే మా గల్లీలో సగం మంది నాలో కలిసిపోతారు.

నవ్వులాట కాదు. తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ పేరుతో రకరకాల శాఖల రికార్డులను కలిపింది. అది సెమాంటిక్ వెబ్ కాదు గానీ ప్రశ్న అదే: ఈ ఇద్దరూ ఒకరేనా? రిక్షా తొక్కి బతికిన ఒక హైదరాబాదీని, పేరు పోలిన కారు యజమానిగా లెక్కగట్టి ఆ కుటుంబానికి రేషన్ ఆపిన సంగతి 2024లో అల్ జజీరా బయటపెట్టింది. అంతకు ముందే, 2022లో, రాష్ట్రంలో రద్దయిన రేషన్ కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ విచారించమని సుప్రీంకోర్టు చెప్పింది.

నాకు సెమాంటిక్ వెబ్‌లో నచ్చింది ఇక్కడే. ‘వీరన్న, వీరణ్ణ ఒక్కరే’ అన్నది కూడా అక్కడ విడిగా రాసే ఒక వాక్యం. దాన్ని ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఏ ఆధారంతో అన్నవీ పక్కనే రాయవచ్చు. అందుకు 2013 నుంచి ప్రోవ్ అనే ప్రమాణం ఉంది. తప్పయితే ఆ ఒక్క వాక్యం తీసేస్తే చాలు. బెర్నర్స్-లీ తర్వాత తెచ్చిన సాలిడ్ అనే ఏర్పాటులోనైతే వివరాల మూట మన దగ్గరే ఉంటుంది. అడిగినవాళ్లకు అడిగినంతే చూపిస్తాం. బెల్జియంలో ఫ్లాండర్స్ ప్రభుత్వం దాన్ని చేపట్టింది. మన డిజిలాకర్ 2015లోనే వచ్చింది, మంచిదే. కానీ శాఖ వాళ్లు పేరు తప్పు రాస్తే అందులోనూ ఆ తప్పే కనిపిస్తుంది.

మీ కార్డో పింఛనో ఆగితే ఊరికే తిరిగి రాకండి. ‘నన్ను ఎవరి రికార్డుతో కలిపారు, ఏ ఆధారంతో?’ అని కాగితం మీద రాసి అడగండి, రసీదు తీసుకోండి.