అవాంఛిత రోమాలు: పోవడం ఖాయమేనా?

"అవాంఛిత రోమాలను శాశ్వతంగా తొలగించుకోండి" అనే ప్రకటన చూడని ఆడపిల్ల ఈ రోజుల్లో ఉండదు. మా గడ్‌చాందూర్‌లో ఈ కరపత్రాలు మరాఠీలో వస్తాయి. వాటిలో "కాయమ్" అనే మాట ఉంటుంది. మరాఠీలో కాయమ్ అంటే శాశ్వతం. మన ఇళ్ళలో ఖాయం అంటే తప్పక జరిగేది. సంబంధం ఖాయమైంది అంటాం కదా, అలా. ఈ రాజురా ప్రాంతం 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోదే. ఆ తర్వాత సిమెంటు ఫ్యాక్టరీల కోసం వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. కాబట్టి ఇక్కడి తెలుగువాళ్ళు ఆ ఒక్క మాటలో రెండు హామీలు చదువుకుంటారు: తప్పకుండా పోతాయి, మళ్ళీ రావు. ఈ రెండూ ఎంతవరకు నిజం?

నేను కామర్సు చదివినదాన్ని, డాక్టరును కాను. అయితే ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఒక అలవాటు అబ్బింది. పెద్ద అక్షరాల్లో రాసినదాన్ని చిన్న అక్షరాల్లో రాసినదానితో పోల్చి చూస్తాను. ఆ అలవాటుతోనే ఈ విషయం గురించి చదివి, తెలిసిన డాక్టర్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి చూద్దాం. పసిపిల్లలకు సున్నిపిండితో నలుగు పెడితే ఒంటిమీది నూగు పోతుందని పెద్దవాళ్ళ నమ్మకం. నిజానికి పుట్టినప్పుడు ఉండే ఆ నూగు కొద్ది వారాల్లోనో నెలల్లోనో తనంతట తానే రాలిపోతుంది. నలుగు పెట్టని బిడ్డకూ రాలుతుంది. పేరు మాత్రం సున్నిపిండికి దక్కుతుంది. గీస్తే వెంట్రుకలు దట్టంగా వస్తాయన్నదీ అలాంటి నమ్మకమే. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త పరిశీలించి, గీయడం వల్ల వెంట్రుక లావెక్కదు, త్వరగానూ పెరగదు అని తేల్చారు. కొన మొద్దుగా తెగడం వల్ల చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

క్రీములు చర్మం పైకి వచ్చిన వెంట్రుకనే కరిగిస్తాయి. వాక్సింగ్, త్రెడింగ్ దాన్ని మొదలంటా లాగుతాయి గానీ, దాన్ని పుట్టించే రోమకూపం లోపల అలాగే ఉంటుంది. అందుకే కొద్ది వారాల్లో మళ్ళీ వస్తుంది. ఇవన్నీ తాత్కాలికమని అందరికీ తెలుసు, ఎవరూ మోసపోరు. చిక్కంతా ఖరీదైన వాటితోనే.

పాత పద్ధతి విద్యుత్తుతో చేసేది. 1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఛార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు, రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి కంట్లో గుచ్చుకునే రోగుల కోసం దీన్ని వాడారు. సన్నని సూదిని రోమకూపంలోకి పంపి కరెంటుతో దాన్ని నాశనం చేస్తారు. నల్ల వెంట్రుకకైనా తెల్ల వెంట్రుకకైనా పని చేస్తుంది. కాకపోతే ఒక్కొక్క వెంట్రుకకూ విడిగా చేయాలి. చేసేవారికి నేర్పు, చేయించుకునేవారికి ఓపిక కావాలి.

లేజరు కాంతి వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని వేడిగా మారి కుదురును కాలుస్తుంది. తెల్లవెంట్రుకలో ఆ రంగు ఉండదు కనుక పని చేయదు. మనబోటి చామనఛాయ, నలుపు చర్మంలోనూ అదే రంగు ఉంటుంది కనుక, తగని యంత్రం వాడితే చర్మం కాలి మచ్చలు పడవచ్చు. ఎన్‌డి యాగ్ అనే రకం లేజరు ముదురు రంగు చర్మానికి క్షేమమని చెబుతారు. పైగా అన్ని వెంట్రుకలూ ఒకేసారి ఎదుగుదల దశలో ఉండవు. కొన్ని నిద్రపోతూ ఉంటాయి. ఎదిగే వాటి మీదే లేజరు బాగా పని చేస్తుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఆరు, ఎనిమిది సిట్టింగులు పడతాయి.

అసలు కీలకం ఇక్కడ ఉంది. అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ పరిశీలించే ఎఫ్.డి.ఎ. సంస్థ విద్యుత్ పద్ధతికి "శాశ్వతంగా తొలగించడం" అన్న మాట ఒప్పుకుంది. లేజరుకు ఒప్పుకున్నది "శాశ్వతంగా తగ్గించడం" అన్నదే. అంటే వెంట్రుకల సంఖ్య తగ్గి చాలాకాలం ఆ తగ్గుదల నిలుస్తుంది, అన్నీ పోవు. మన కరపత్రాలు "శాశ్వతం" ఉంచుకుని "తగ్గింపు"ను జారవిడుస్తాయి.

ఇంతా ఎందుకు చెబుతున్నానంటే, కొంతకాలం కిందట ఒక తల్లీ కూతురూ మా బ్రాంచికి లోను కోసం వచ్చారు. "మేడం, పిల్లకు గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నయి. రెండు నెలల్ల పెళ్ళి. నాగపూర్ల శాశ్వతంగ తీస్తరట, నలబై అయిదు వేలు" అంది తల్లి. అమ్మాయి చున్నీ గడ్డం మీదుంచి తీయలేదు. ప్యాకేజీ కాగితం తెప్పించుకుని చూశాను. ఆరు సిట్టింగులు, నెలకొకటి. "రెండు నెలల్లో ఆరు నెలల పని ఎట్లా అవుతుందమ్మా?" అని అడిగాను. కింద చిన్న అక్షరాల్లో ఫలితాలు వ్యక్తిని బట్టి ఉంటాయనీ, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదనీ ఉంది.

అమ్మాయిని పక్కకు పిలిచి నెలసరి గురించి అడిగాను. మూడు నాలుగు నెలలకోసారి అంది. ముందు స్త్రీల డాక్టరును కలవమన్నాను. పరీక్షల్లో పి.సి.ఓ.ఎస్. అని తేలింది. హార్మోన్ల తేడా ఉన్నంతకాలం కొత్త వెంట్రుకలు పుడుతూనే ఉంటాయి. దాన్ని చూసుకోకుండా లేజరు చేయిస్తే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. పెళ్ళికి త్రెడింగ్‌తోనే వెళ్ళింది. మందులు వాడి, ఏడాది తర్వాత చర్మ డాక్టరు దగ్గర లేజరు చేయించుకుంది. వెంట్రుకలు బాగా పలచబడ్డాయి. అప్పుడప్పుడు మళ్ళీ వెళ్ళాలని ఆమెకు ముందే తెలుసు కనుక బెంగ లేదు.

ఆడపిల్ల సిగ్గును ఆసరా చేసుకునే వ్యాపారం కొత్తది కాదు. 1930 ప్రాంతంలో అమెరికాలో కొరెమ్లూ అనే క్రీము అమ్మారు. అందులో ఉన్నది ఎలుకల మందుగా వాడే థాలియం. ఎందరో స్త్రీలకు నరాలు దెబ్బతిన్నాయి. 1920లలో ఎక్స్‌రేలతో రోమాలు తీయించుకున్నవారికి ఏళ్ళ తర్వాత చర్మ క్యాన్సర్లు వచ్చాయి. వాటితో పోలిస్తే నేటి పద్ధతులు ఎంతో మెరుగు. వాటిని చేయించుకోవద్దని నేననను.

డబ్బు కట్టేముందు మాత్రం ఇవి అడగండి. చేసేది చర్మ డాక్టరా? నా చర్మం రంగుకు ఏ లేజరు? తొలగింపా, తగ్గింపా? ఎన్ని సిట్టింగులు, తర్వాత ఏటా ఎంత ఖర్చు? మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు ఇస్తారా? జవాబులు కాగితం మీద రాయించుకోండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. 1915 నెంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. చేతిలో కాగితం ఉంటేనే ఆ ఫిర్యాదుకు బలం.

తల్లులకు ఒక మాట. పిల్ల గడ్డం మీద వెంట్రుక కనబడితే అద్దం ముందు నిలబెట్టి నిట్టూర్చకండి. ముందు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. తర్వాత లేజరు చేయించుకోవాలా వద్దా అన్నది ఆ పిల్లనే తేల్చుకోనివ్వండి.