క్షిపణికి నిమిషాలు, కాలికి ఏళ్లు

మధురానగర్‌లో హైదరాబాద్ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే, తర్వాతి స్టేషనే పంజాగుట్ట. అక్కడి నిమ్స్ ఆసుపత్రికి ఇప్పుడు గుండె, కిడ్నీ, మెదడు జబ్బులన్నిటికీ జనం వస్తారు గానీ, అది పుట్టింది ఎముకల ఆసుపత్రిగా. మొదటి పేరు నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్. పోలియో సోకిన పిల్లల్ని అమ్మానాన్నలు ఎత్తుకుని తెచ్చే కాలంలో, క్షిపణుల కోసం తయారైన ఒక పదార్థం ఈ ఆసుపత్రి గడప తొక్కింది.

ఆ కథను అబ్దుల్ కలాం తన ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పారు. నిమ్స్ ఎముకల వైద్యుడొకరు హైదరాబాద్‌లోని ఆయన ప్రయోగశాలకు వచ్చారు. అగ్ని క్షిపణి కోసం రూపొందించిన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, కలాంని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ చిన్నచిన్న పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు క్యాలిపర్లు (కాలిని నిలబెట్టే ఆసరా పరికరాలు) తొడుక్కుని కాళ్లీడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్ తయారైంది.

ఈ కథ విన్నవాళ్లందరికీ ఆ పదో వంతు బరువే గుర్తుంటుంది. నిజంగా గొప్ప విషయమే. అయితే ఆ బరువు ఎలా తగ్గింది, తగ్గాక ఆ పరికరం ఎన్నాళ్లు నిలవాలి అన్నవి కూడా అంత ముఖ్యమైనవే.

పాత క్యాలిపర్‌లో తొడ నుంచి బూటు దాకా రెండు వైపులా లోహపు కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలి దగ్గర తాళం ఉండేవి. తొడ ముందు కండరం చచ్చుబడిన పిల్లవాడు బరువు మోపగానే మోకాలు మడతపడిపోతుంది కాబట్టి, కాలంతటినీ కడ్డీతో నిటారుగా నిలిపేవారు. కొత్తదాని పేరు ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్. ఇది మోకాలి కిందే ఆగిపోతుంది. పాదం నుంచి ముంగాలి పైభాగం దాకా ఒకే గట్టి తొడుగు, చీలమండ దగ్గర కదలిక ఉండదు. పిల్లవాడు అడుగు మోపి ముందుకు వాలగానే నేల పాదాన్ని తిరిగి పైకి నెడుతుంది. చీలమండ వంగదు కనుక ఆ నెట్టుడు తొడుగు గుండా పైకి పాకి, మోకాలి కింద ముంగాలిని వెనక్కి ఒత్తుతుంది. మోకాలు తనంతట తానే నిటారుగా నిలబడుతుంది. కండరం చేయాల్సిన పనిని నేల చేసిపెడుతోందన్నమాట. తొడ మీది కడ్డీలు, తాళం పోయాయంటే బరువులో చాలా భాగం పదార్థంతో పనిలేకుండానే పోయినట్టు. పదార్థానికి దక్కాల్సిన గౌరవం మరోచోట ఉంది. చీలమండ దగ్గర తొడుగు కాస్త వంగినా ఆ ఒత్తిడి మోకాలిని చేరదు. అంత పలుచగా ఉండి, అంత తేలికగా ఉండి, వంగకుండా నిలవడం నారలతో బలపరచిన మిశ్రమ పదార్థానికే సాధ్యమైంది. మోకాలు వంగి బిగుసుకుపోయిన పిల్లలకు మాత్రం ఇది పనికిరాదు. వాళ్లకు ముందు ఆ బిగుతు వదిలించాలి.

ఇక మన్నిక సంగతి. 1989 మే 22న అగ్ని తొలిసారి ఎగిరినప్పుడు, వాతావరణంలోకి తిరిగి వచ్చేటప్పటి వేల డిగ్రీల వేడిని కార్బన్ కవచం ఓర్చుకోవలసింది కొద్దిసేపే. ఆ తర్వాత అది ఏమైపోయినా పర్వాలేదు. పిల్లవాడి కాలికి అలా కుదరదు. ఒక కాలు రోజుకు రెండు వేల సార్లు నేలకు ఆనినా, ఏడాదికి ఏడు లక్షల సార్లు దాటుతుంది. ఒక్కసారికి ఏమీ కాని చిన్న బరువే లక్షలసార్లు పడితే, నారకూ ప్లాస్టిక్‌కూ మధ్య కంటికి కనిపించని పగుళ్లు మొదలవుతాయి, పొరలు విడిపోతాయి. లోహపు కడ్డీ విరిగితే ఊళ్లో వెల్డింగ్ షాపులో అతికించుకోవచ్చు. మిశ్రమ పదార్థాన్ని అలా అతికించలేం. అందుకే తేలికైన క్యాలిపర్ ఇవ్వడంతో పని అయిపోదు. పిల్లవాడి కాలు పెరిగేకొద్దీ కొత్త కొలత తీసుకుని, సమయానికి మరొకటి అందించాలి. 2014 మార్చిలో మన దేశాన్ని పోలియోరహితంగా ప్రకటించారు. అయినా ఈ తరహా తొడుగు మూలపడలేదు. సెరిబ్రల్ పాల్సీ వల్ల మోకాళ్లు వంచి నడిచే పిల్లలకు ఈనాటికీ వాడుతున్నారు.

శరీరం బయట ఉన్నదాన్ని మార్చుకోవచ్చు, లోపల పెట్టినదాన్ని మార్చడం అంత తేలిక కాదు. 1990లలో కలాం, గుండె వైద్యుడు డాక్టర్ బి. సోమరాజు, క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఇంజనీరు అరుణ్ తివారీ కలిసి, పూడిన గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచి అలాగే నిలిపి ఉంచే స్టెంట్‌ను తక్కువ ఖర్చులో తయారుచేశారు. అదే కలాం-రాజు స్టెంట్. ఆనాటి స్టెంట్లలో ఎక్కువగా 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు వాడేవారు. ఆ ‘ఎల్’ కార్బన్ తక్కువని చెబుతుంది, 0.03 శాతం మించకూడదు. మించితే కార్బన్ క్రోమియంని తనవైపు లాక్కుంటుంది. క్రోమియం తగ్గినచోట, తుప్పును ఆపే పలుచని ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది. మన రక్తమేమో ఉప్పునీటిలాంటిదే. ఇంకో చిక్కు ఉంది. బెలూన్ ఉబ్బగానే స్టెంట్ విచ్చుకోవాలి, బెలూన్ తీశాక మళ్లీ ముడుచుకోకూడదు. అంటే సులువుగా వంగాలి, వంగినచోటే గట్టిగా నిలవాలి. ఆపైన గుండె కొట్టుకున్న ప్రతిసారీ అదీ కదలాలి. నిమిషానికి 72 చొప్పున లెక్కవేస్తే పదేళ్లకు దాదాపు 38 కోట్ల సార్లు. తయారీదారులు ఆ లెక్కకు తగ్గట్టే, గుండె కన్నా ఎన్నో రెట్లు వేగంగా కొట్టుకునే యంత్రాల్లో స్టెంట్లను నెలల తరబడి పరీక్షిస్తారు. తర్వాత వచ్చిన కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహం స్టీలుకన్నా బలమైనది కావడంతో స్టెంట్ తీగలు ఇంకా సన్నబడ్డాయి. తీగ సన్నబడితే రక్తనాళం మళ్లీ పూడిపోయే ప్రమాదమూ తగ్గుతుందని తేలింది.

ఇదే నగరంలో, కంచన్‌బాగ్‌లో, 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ రాకెట్లకు, విమానాలకు టైటానియం మిశ్రమాలు తయారుచేస్తుంది. ఎముకల్లో వేసే ఇంప్లాంట్లకూ ఆ టైటానియమే వెళ్తుంది. మనిషి ఎముక బిరుసుతనం సుమారు 20 గిగాపాస్కల్స్ అయితే, స్టీలుది దాదాపు 200, టైటానియం మిశ్రమానిది 110. మరీ బిరుసైన లోహం ఎముక మోయాల్సిన బరువంతా తానే మోస్తుంది. పని తగ్గిన ఎముక పలుచబడుతుంది. ఆ లెక్కన టైటానియం స్టీలుకన్నా నయం. కానీ రాపిడికి అది తట్టుకోదు. అందుకే తుంటి కీలు మార్చేటప్పుడు తొడ ఎముకలో దిగే కాడ టైటానియంతో చేసినా, తిరిగే గుండును మాత్రం సిరామిక్‌తోనో కోబాల్ట్-క్రోమియంతోనో చేస్తారు. అది తిరిగే గిన్నెకు చాలావరకు పాలిథిలిన్ పొర వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొర నుంచి రాలే సన్నటి పొడే చుట్టూ ఉన్న ఎముకను కరిగించి కీలును వదులు చేస్తుంది. కనుకనే రేడియేషన్‌తో గట్టిపరచిన, అరుగుదల బాగా తగ్గిన పాలిథిలిన్‌ను ఇప్పుడు వాడుతున్నారు.